సర్వరు మేల్కొనే విధము

జనగామ ప్రాంతములో బావి క్రింద వ్యవసాయము చేసే రైతులకు ఒక సంగతి బాగా తెలుసు. బావి గట్టున బిగించిన కరెంటు మోటారుకు స్విచ్చి వేసినంత మాత్రాన నీరు రాదు. పంపులోనూ, బావిలోకి దిగిన గొట్టములోనూ ముందుగా నీరు నిండి ఉండాలి. గొట్టము అడుగున ఉన్న ఫుట్‌వాల్వు సరిగా మూసుకొనక నీరు జారిపోతే, రైతు బిందెతో నీళ్లు తెచ్చి పంపులో పోసి, ఆ తరువాతనే స్విచ్చి వేస్తాడు. పంపులోని చక్రము ఎంత వేగముగా తిరిగినా, లోపల ఉన్నది గాలి మాత్రమే అయితే, అది నీటిని పైకి రప్పించేటంత పీడనభేదమును కలిగించలేదు. గాలి అంత పలుచనిది. కాబట్టి నీటిని తోడడానికి నీరే కావాలి.

కంప్యూటరు విషయములోనూ ఇటువంటి చిక్కే ఉన్నది. కంప్యూటరు ఏ పని చేసినా ఒక ప్రోగ్రాము ప్రకారము చేస్తుంది. ప్రోగ్రాములన్నీ డిస్కు మీద భద్రముగా ఉంటాయి. కాని డిస్కు మీద ఉన్న ప్రోగ్రామును ప్రాసెసరు నేరుగా అమలు జరుపలేదు; అది ముందుగా ర్యామ్ అనే తాత్కాలిక జ్ఞాపకములోకి రావాలి. డిస్కు నుండి ర్యామ్‌లోకి తీసుకొని రావడము కూడా ఒక పనే. ఆ పనికీ ఒక ప్రోగ్రాము కావాలి. మరి ఆ ప్రోగ్రామును తెచ్చేది ఏది? విత్తు ముందా, చెట్టు ముందా అన్న ప్రశ్న ప్రతి కంప్యూటరులోనూ, దానిని నిద్రలేపిన ప్రతిసారీ ఎదురవుతుంది.

ఈ ప్రశ్న ఇంజనీర్లకు మాత్రమే పరిమితమైనది కాదు. 2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ప్రధానముగా పాత వరంగల్లు జిల్లా నుండి ఏర్పడినవి. ఆ జిల్లాలలో కుల ధ్రువపత్రము కోరిన విద్యార్థి, భూమి రిజిస్ట్రేషను కోసము తహశీలుదారు కార్యాలయానికి వచ్చిన రైతు, రైల్వే రిజర్వేషను కౌంటరు ముందు నిలబడిన ప్రయాణికుడు, ముగ్గురూ తమకు కనిపించని సర్వర్ల మీద ఆధారపడి ఉన్నారు. ఎక్కడో దూరముగా ఒక గదిలో ఉండి, వేలమంది అడిగిన సమాచారమును అందించే కంప్యూటరే సర్వరు. భూముల లెక్కలు 2020 అక్టోబరు 29 నుండి ధరణిలో ఇట్టి సర్వర్ల మీదనే నడిచినవి; 2025 ఏప్రిల్ 14న వచ్చిన భూభారతిలోనూ ఇట్టి సర్వర్ల మీదనే నడుస్తున్నవి. “సర్వరు పనిచేయడము లేదు” అన్న మాట విని రోజు కూలి పోగొట్టుకొని వెనుదిరిగినవారు ఎందరో ఉన్నారు. ఆ మాటకు అర్థమేమిటో, ఆగిపోయిన సర్వరు తిరిగి ఎట్లా లేస్తుందో తెలుసుకోవడము అవసరము.

చెల్పూరులో కనిపించే పోలిక

భూపాలపల్లి దగ్గర చెల్పూరులో కాకతీయ థర్మల్ విద్యుత్కేంద్రము ఉన్నది. అక్కడ 500 మెగావాట్ల యంత్రము 2010లోను, 600 మెగావాట్ల యంత్రము 2016లోను పని ప్రారంభించినవి. ఇంత కరెంటు పుట్టించే ఆ కేంద్రము, పూర్తిగా ఆగిపోయిన తరువాత తనంతట తాను లేవలేదు! బొగ్గును పొడిచేసే మిల్లులకు కరెంటు కావాలి. కొలిమిలోకి గాలి నెట్టే పంకాలకు, పొగను లాగే పంకాలకు, బాయిలరులోకి నీరు ఎక్కించే పంపులకు కరెంటు కావాలి. అందుచేత మొదట బయటి గ్రిడ్డు నుండి కరెంటు తెచ్చుకొంటారు. పంపులు, పంకాలు తిరుగుతాయి. మొదట చమురుతో మంట వెలిగిస్తారు. కొలిమి తగినంత వేడెక్కిన తరువాతనే బొగ్గుపొడి లోపలికి పంపుతారు. ఆవిరి పీడనము పెరిగిన మీదట టర్బైనును మెల్లగా త్రిప్పి, నిమిషానికి 3000 చుట్ల వేగానికి తెచ్చి, అప్పుడు గ్రిడ్డుతో కలుపుతారు.

ఒకవేళ గ్రిడ్డు అంతా చీకటి అయితే? అప్పుడు శ్రీశైలము, నాగార్జునసాగరము వంటి జలవిద్యుత్కేంద్రాల సహాయము అవసరమవుతుంది. నీరు పైన సిద్ధముగా ఉంటుంది. తలుపులు తెరవడానికి కొద్దిపాటి కరెంటు చాలు. ఆ కొద్దిపాటి కరెంటును చిన్న డీజిలు యంత్రము ఇవ్వగలదు. చిన్న యంత్రము పెద్ద యంత్రాన్ని, అది మరింత పెద్దదానిని లేపుతుంది. పూర్వము పల్లెలలో పొయ్యి ఆరిపోతే, ప్రక్క ఇంటి పొయ్యి నుండి పిడక మీద నిప్పు తెచ్చుకొనేవారు. ఆ నిప్పుకణికతో ముందు పుల్లలు, పుల్లలతో కట్టెలు, కట్టెలతో మొద్దులు అంటుకొనేవి. నేరుగా మొద్దుకు నిప్పుకణిక తాకిస్తే అది అంటుకొనదు.

సర్వరు మేల్కొనడము సరిగా ఇటువంటిదే. దీనిని ఆంగ్లములో “బూటింగు” అంటారు. బూట్‌స్ట్రాప్ అనగా బూటు వెనుక ఉండే పట్టీ. తన బూటు పట్టీలను తానే పట్టుకొని తనను తాను పైకెత్తుకొన్నాడన్న అసాధ్యమైన ఊహ నుండి ఈ మాట పుట్టినది. కంప్యూటరు నిజముగా ఆ అసాధ్యమును సాధించడము లేదు. ఎక్కడో ఒక నిప్పుకణికను ముందే దాచి ఉంచుకొంటున్నది.

వ్రేళ్లతో ఎక్కించిన ఆదేశాలు

తొలినాళ్లలో ఆ నిప్పుకణిక మనిషి చేతిలోనే ఉండేది. 1965లో అమెరికాలో వెలువడిన పీడీపీ-8 అనే కంప్యూటరు ముందుభాగములో వరుసగా స్విచ్చులు ఉండేవి. యంత్రమును నడిపే వ్యక్తి ఒక్కొక్క ఆదేశమును సున్నలు, ఒకట్లుగా స్విచ్చుల మీద అమర్చి జ్ఞాపకములోకి ఎక్కించేవాడు. ఆ ఆదేశాలు ఇరవైకి మించవు. వాటికి తెలిసిన విద్య ఒక్కటే: చిల్లులు పొడిచిన కాగితపు టేపును చదవడము. ఆ టేపు మీద ఇంకొంచెము తెలివైన రెండవ ప్రోగ్రాము ఉండేది. అది వచ్చి, అసలు ప్రోగ్రామును మరొక టేపు నుండి తెచ్చేది.

హైదరాబాదులో 1967లో ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా సంస్థ, 1969లో టీడీసీ-12 అనే కంప్యూటరును తయారుచేసినది. అది ఒక్కొక్క పదానికి 12 బిట్లు గల యంత్రము. ఆ తరము యంత్రాలకు, నేటి సర్వర్లకు వేగములో పోలికే లేదు. కాని మెట్లు మెట్లుగా మేల్కొనే సూత్రము మాత్రము మారలేదు. మారినదల్లా ఒక్కటే: మనిషి వ్రేళ్లతో ఎక్కించిన మొదటి ఆదేశాలు ఇప్పుడు కరెంటు పోయినా చెరగని ఒక చిన్న చిప్పులో ముందుగానే వ్రాసి ఉంటాయి.

ర్యామ్‌లోనే వాటిని ఉంచవచ్చు గదా అన్న సందేహము రావచ్చు. ర్యామ్‌లో ప్రతి బిట్టు ఒక అతి సూక్ష్మమైన కెపాసిటరులో విద్యుదావేశ రూపములో ఉంటుంది. ఆ ఆవేశము చిల్లుకుండలో నీటివలె కారిపోతూ ఉంటుంది. అందుచేత సామాన్యముగా 64 మిల్లీసెకండ్ల లోపల ఒకసారి దానిని తిరిగి నింపుతూ ఉండాలి. కరెంటు ఆగితే నింపేవారు లేరు, జ్ఞాపకమంతా చెరిగిపోతుంది. అందువలననే మేల్కొన్న ప్రతిసారీ యంత్రము మొదటి నుండి మొదలుపెట్టాలి.

మొదటి మెట్టు: కాపలా కంప్యూటరు

సర్వరుకు తీగ తగిలించగానే అది నడవదు. కాని దానిలో ఒక మూల జీవము పోసుకొంటుంది. సర్వరు లోపల కాపలాదారు వంటి మరొక చిన్న కంప్యూటరు ఉంటుంది. పెద్ద యంత్రము ఆగి ఉన్నప్పుడు కూడా కొద్దిపాటి కరెంటుతో ఇది మేల్కొని ఉంటుంది. వేడి ఎంత ఉన్నదో, పంకాలు తిరుగుతున్నవో లేదో, కరెంటు సరిగా వస్తున్నదో లేదో ఇది చూస్తుంది. హైదరాబాదులో కూర్చున్న ఇంజనీరు వేరొక నగరములోని సర్వరును ముట్టుకోకుండానే ఆపి, తిరిగి లేపగలుగుతున్నాడంటే ఈ కాపలా కంప్యూటరు వలననే.

ఆజ్ఞ రాగానే అసలు విద్యుత్ సరఫరా మొదలవుతుంది. వోల్టేజీలన్నీ నిలకడగా ఉన్నవన్న సంకేతము వచ్చే వరకు ప్రాసెసరును కదలనీయరు. కరెంటు కుదుటపడకముందే అది లెక్కలు మొదలుపెడితే తప్పులు చేస్తుంది.

రెండవ మెట్టు: మొదటి ఆదేశము

సంకేతము వచ్చిన క్షణములో ప్రాసెసరుకు ఏమీ తెలియదు. డిస్కు ఉన్నదని తెలియదు. ర్యామ్ ఎంత ఉన్నదో తెలియదు. దానికి పుట్టుకతో వచ్చిన అలవాటు ఒకటే: ఫలానా చిరునామాలో ఉన్న ఆదేశమును చదవడము. 1985లో వచ్చిన 80386 మొదలుకొని ఇంటెల్ వంశపు ప్రాసెసర్లలో ఆ చిరునామా 4,294,967,280. ఇది నాలుగు గిగాబైట్ల హద్దుకు సరిగా 16 బైట్ల క్రింద ఉన్నది. 16 బైట్లలో పెద్ద ప్రోగ్రాము పట్టదు. అందుచేత అక్కడ సామాన్యముగా “ఇంకొక చోటికి పొమ్ము” అన్న ఆదేశము మాత్రము ఉంటుంది. ఆ చిరునామా, అది చూపే చోటు, రెండూ ర్యామ్‌లో కాక, చెరగని ఫ్లాష్ చిప్పులో ఉంటాయి. ఈ చిప్పులోని ప్రోగ్రామును ఫర్మువేరు అంటారు. 1981లో వచ్చిన ఐబీఎం పర్సనల్ కంప్యూటరులో దీని పేరు బయోస్. 2005లో ఏర్పడిన సంస్థల కూటమి పర్యవేక్షణలో పెరిగిన యూఈఎఫ్ఐ అనే పద్ధతి నేడు దాని స్థానమును ఆక్రమించినది.

మూడవ మెట్టు: జ్ఞాపకమును సరిచూడడము

ఫర్మువేరుకు మొదటి పెద్ద పని ర్యామ్‌ను వినియోగములోకి తేవడము. కాని లెక్క వ్రాసుకొనడానికి పలక లేకుండా లెక్క చేయడమెట్లా? ఇక్కడ ఇంజనీర్లు ఒక ఉపాయము పన్నినారు. ప్రాసెసరు లోపలనే క్యాషు అనే చిన్న, వేగవంతమైన జ్ఞాపకము ఉంటుంది. కాసేపు దానినే ర్యామ్‌గా వాడుకొంటారు.

తరువాత ర్యామ్‌తో పరిచయము మొదలవుతుంది. సంకేతాలు సెకండుకు కొన్ని వందల కోట్ల సార్లు మారే ఈ తీగలలో, ఒక తీగ వెంట్రుకవాసి పొడవైనా సంకేతము ఆలస్యమవుతుంది. ప్రాసెసరు తెలిసిన గుర్తులను పంపి, తిరిగి చదివి, ఏ తీగకు ఎంత ఆలస్యము ఇవ్వాలో నిర్ణయిస్తుంది. ఇంటి కంప్యూటరులో ఇది కొద్ది సెకండ్లలో ముగియవచ్చును. వందల గిగాబైట్ల ర్యామ్ గల సర్వరులో కొన్ని నిమిషాలు పట్టవచ్చును. ఈ సమయములో తెర నల్లగా ఉంటుంది. కంగారుపడి మరల స్విచ్చి ఆపినవాడు పనిని మొదటికి తెచ్చినవాడవుతాడు.

నాల్గవ మెట్టు: డిస్కు గుమ్మము

ర్యామ్ సిద్ధమైన తరువాత ఫర్మువేరు డిస్కు వైపు చూస్తుంది. పాత బయోస్ పద్ధతిలో డిస్కులోని మొట్టమొదటి 512 బైట్లను మాత్రమే తెచ్చేది. అందులో ప్రోగ్రాముకు 446 బైట్లు, డిస్కు విభాగాల పట్టికకు 64 బైట్లు, గుర్తుకు 2 బైట్లు కేటాయించినారు. ఒక పోస్టుకార్డు మీద పట్టేటంత ఆ చిన్న ప్రోగ్రాము పెద్ద ప్రోగ్రామును వెదకి తెచ్చేది. యూఈఎఫ్ఐకి ఈ ఇరుకు లేదు. అది డిస్కులో ఒక చిన్న విభాగములోని ఫైళ్లను పేరు పెట్టి చదవగలదు.

ఏ పద్ధతిలోనైనా వచ్చేది బూట్‌లోడరు అనే ప్రోగ్రాము. లినక్స్ సర్వర్లలో దీనికి తరచుగా వాడేది గ్రబ్. దీని పని కెర్నెలును, దానితో పాటు ఒక చిన్న మూటను ర్యామ్‌లోకి తెచ్చి పెట్టి, అధికారమును కెర్నెలుకు అప్పగించడము.

అయిదవ మెట్టు: కెర్నెలు, దారిబత్తెము

కెర్నెలు అనగా ఆపరేటింగు సిస్టము యొక్క గుండెకాయ. లినక్స్ కెర్నెలును 1991లో ఫిన్లాండులో విద్యార్థిగా ఉన్న లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టినాడు. కుదించి ఉన్న తనను తాను విప్పుకొని, ప్రాసెసరులోని భాగాలన్నిటినీ పనిలో పెట్టి, జ్ఞాపకమును పంచే బాధ్యత కెర్నెలు వహిస్తుంది.

ఇక్కడ విత్తు, చెట్టు చిక్కు మరొకసారి ఎదురవుతుంది. డిస్కును చదవడానికి డ్రైవరు అనే ప్రోగ్రాము కావాలి. ఆ డ్రైవరు డిస్కు మీదనే ఉన్నది! అందుకే బూట్‌లోడరు కెర్నెలుతో పాటు ఆ చిన్న మూటను తెచ్చినది. అత్యవసరమైన డ్రైవర్లు ఆ మూటలో ఉంటాయి. ప్రయాణికుడు ఊరు చేరే వరకు సద్దిమూట మీద ఆధారపడినట్లు, అసలు డిస్కు చేతికి వచ్చే వరకు కెర్నెలు దీని మీద ఆధారపడుతుంది. కెర్నెలు మొట్టమొదటి సామాన్య ప్రోగ్రామును ప్రారంభిస్తుంది. దాని వరుస సంఖ్య 1. తక్కిన ప్రోగ్రాములన్నీ దాని సంతానము.

ఆరవ మెట్టు: సేవల ప్రారంభము

కెర్నెలు లేచినంత మాత్రాన రైతుకు పాసుపుస్తకము వివరాలు కనిపించవు. నెట్‌వర్కు, డేటాబేసు, ఆ తరువాత ప్రశ్నలకు సమాధానమిచ్చే ప్రోగ్రాము, ఒకదాని తరువాత ఒకటి లేవాలి. డేటాబేసు లేవకముందే సమాధానమిచ్చే ప్రోగ్రాము లేస్తే, అది తాళము తీయని దుకాణము ముందు బేరానికి నిలబడినట్లు ఉంటుంది.

డేటాబేసు లేచేటప్పుడు చేసే పని ఒకటి ప్రత్యేకముగా గమనింపదగినది. ఒక రిజిస్ట్రేషను సగములో ఉండగా కరెంటు పోయినదనుకొందాము. అమ్మినవారి ఖాతా నుండి భూమి తగ్గినది. కొన్నవారి ఖాతాలో ఇంకా చేరలేదు. ఇట్టి ప్రమాదము రాకుండా డేటాబేసు ప్రతి మార్పును చేయబోయే ముందు ఒక చిట్టాలో వ్రాసుకొంటుంది. తిరిగి లేచినప్పుడు మొదట ఆ చిట్టాను చదువుతుంది. పూర్తి అయినట్లు గుర్తు ఉన్న పనులను నెరవేరుస్తుంది. గుర్తు లేనివాటిని పూర్తిగా రద్దు చేస్తుంది. సగము జరిగిన పని అంటూ మిగలదు. ఈ పరీక్ష ముగిసే వరకు తలుపు తెరవదు. సర్వరు లేచినదని చెప్పిన తరువాత కూడా కొంతసేపు వేచి ఉండవలసి రావడానికి ఇదొక కారణము.

ఒక మెట్టు విరిగితే

ఈ మెట్లలో ప్రతిదానికీ తెలిసినది స్వల్పము. తన తరువాతి మెట్టును లేపడమే దాని పని. దీనివలన ఒక ముఖ్యమైన ఫలితము కలుగుతున్నది: క్రింది మెట్టులో కలిగిన లోపమును పై మెట్టు సరిచేయలేదు. ఎందుకంటే, పై మెట్టు ఇంకా పుట్టనే లేదు.

2024 జులై 19న ప్రపంచము ఈ సత్యమును కళ్లారా చూచినది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ విండోస్ యంత్రాలకు పంపిన ఒక ఫైలులో దోషము ఉన్నది. ఆ సంస్థ ప్రోగ్రాము కెర్నెలుతో పాటే, మిగిలిన సేవలకంటె ముందుగా లేచేది. దోషమున్న ఫైలును చదవగానే యంత్రము కుప్పకూలేది. తిరిగి లేచి, అదే ఫైలు చదివి, మళ్లీ కూలేది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారము 85 లక్షల యంత్రాలు ఈ విధముగా దెబ్బతిన్నవి. శంషాబాదు విమానాశ్రయములో ప్రయాణికులకు బోర్డింగు పాసులను చేతితో వ్రాసి ఇచ్చినారు.

దోషమున్న ఫైలును ఆ సంస్థ 78 నిమిషాలలో ఉపసంహరించినది. అయినా చిక్కు తీరడానికి రోజులు పట్టినది. ఎందుచేత? మంచి ఫైలు నెట్‌వర్కు ద్వారా రావాలి. నెట్‌వర్కు సేవ నిలదొక్కుకొనకముందే చాలా యంత్రాలు కూలిపోతున్నవి. కాబట్టి మనుషులే ఒక్కొక్క యంత్రము దగ్గరకు వెళ్లి, అత్యవసర సేవలను మాత్రమే లేపే పద్ధతిలో దానిని ప్రారంభించి, ఆ ఫైలును తొలగించవలసి వచ్చినది. పంపులోకి మరల బిందెతో నీళ్లు పోయడమన్నమాట.

మెట్ల మధ్య నమ్మకము

మరొక ప్రమాదము కూడా ఉన్నది. దుర్మార్గుడు తన ప్రోగ్రామును క్రింది మెట్టులో దాచిపెడితే, పైన ఎన్ని కాపలాలు పెట్టినా ప్రయోజనము లేదు. కాపలాదారును లేపేది వాడే అవుతాడు. దీనికి విరుగుడుగా ప్రతి మెట్టు తన తరువాతి ప్రోగ్రాముకు అధికారము అప్పగించే ముందు దానిపై ఉన్న సంతకమును గణితపద్ధతిలో పరీక్షిస్తుంది. ప్రోగ్రాములో ఒక్క అక్షరము మారినా సంతకము సరిపడదు. యంత్రము అక్కడనే ఆగిపోతుంది. రిజిస్ట్రేషను కార్యాలయములో సాక్షి సంతకము చూడనిదే దస్తావేజు ముందుకు కదలనట్లే ఇదీ. అప్పుడప్పుడు సర్వరు లేవకపోవడము లోపము కాదు, అది తన ధర్మమును నిర్వర్తించడమే.

తరగతి గదిలో పరీక్ష

పాఠశాలలో సర్వరు లేకపోవచ్చును గాని, కంప్యూటరు ఉంటే ఈ మెట్లను విద్యార్థులు గమనింపవచ్చును. స్విచ్చి నొక్కినా దీపము వెలుగకపోతే దోషము విద్యుత్ సరఫరాలో వెదకాలి. పంకా తిరుగుతూ తెర నల్లగానే నిలిచిపోతే ర్యామ్ మీద అనుమానము కలుగుతుంది. తయారీదారు గుర్తు కనిపించి, బూటు చేయడానికి పరికరము లేదన్న సందేశము వస్తే దోషము డిస్కులోనో, బూట్‌లోడరులోనో ఉన్నది. ఆ తరువాత కూలిపోతే కెర్నెలునూ డ్రైవర్లనూ చూడాలి. అంతా లేచి, ఒక్క పని మాత్రమే జరుగకపోతే, సేవలలోనో నెట్‌వర్కులోనో లోపమున్నది. గడియారము దగ్గర పెట్టుకొని ఏ మెట్టుకు ఎంత కాలము పట్టినదో వ్రాసుకొంటే అదొక మంచి ప్రయోగమవుతుంది.

ఇట్లా ఆలోచించినప్పుడు “సర్వరు పనిచేయడము లేదు” అన్న మాట ఒక ముగింపుగా కాక, ప్రశ్నగా వినిపిస్తుంది: ఏ మెట్టు దగ్గర ఆగినది? ఒక్కొక్కసారి సర్వరు చక్కగా మేల్కొని ఉండి, మహబూబాబాదుకో, భూపాలపల్లికో వచ్చే తీగ మాత్రమే తెగి ఉండవచ్చును. మోటారు ఆగిందా, ఫుట్‌వాల్వు కారిందా, బావిలోనే నీరు లేదా అని రైతు వరుసగా పరీక్షించి చూస్తాడు. కంప్యూటరు ముందు కూర్చున్నవారికీ ఆ రైతు పద్ధతే సరియైనది.